మందిరపు గుమ్మము బయట నిలిచిన పాట



ఈ మధ్య ఏ సంఘానికి వెళ్ళినా ఒక తగవు మా ముందుకు వస్తోంది. యౌవనస్థులు డ్రమ్ములు, కీబోర్డు తెచ్చి ఆరాధనలో వాయిస్తామంటారు. పెద్దలేమో అది లోకపు వాద్యము, ఆ దరువు వింటే సినిమా గుర్తుకు వస్తుంది గాని దేవుడు గుర్తుకు రాడు అంటారు. మాటకు మాట పెరుగుతుంది. ఒక ఇంటిలో ఈ విషయమై తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడమే మానుకున్నారు. "అయ్యగారూ, మీరే తీర్పు చెప్పండి" అని రెండు పక్షాలవారూ మమ్మల్ని అడుగుతున్నారు.

తీర్పు చెప్పేముందు ఈ నెల మన శీర్షికలో దూరదేశపు సంగతి ఒకటి చెప్పుకుందాము. అది అమెరికాలోని నల్లజాతివారు పుట్టించిన జాజ్ అనే సంగీతమును గూర్చిన సంగతి. అందులో పేరుపొందిన గాయకులు, వాద్యకారులు చాలామంది చిన్నతనములో దేవుని మందిరములోనే పాట నేర్చుకున్నారు. పెద్దయ్యాక అదే మందిరపు గుమ్మము దగ్గర కొందరిని ఆపివేశారు. ఇప్పుడు మన సంఘాలలో జరుగుతున్న తగవు నూరేండ్ల క్రిందటే వారి సంఘాలలో జరిగింది. అది ఎలా తీరిందో తెలుసుకుంటే మనకు మేలు.

కన్నీటిలో పుట్టిన పాట

వీరి పితరులను ఆఫ్రికానుండి గొలుసులు వేసి ఓడలలో తెచ్చారు. ప్రత్తి, చెరకు, పొగాకు తోటలలో పశువులవలె పని చేయించారు. భార్యను ఒకచోటికి, భర్తను వేరొకచోటికి అమ్మివేశారు. 1739లో దక్షిణ కరొలైనాలో కొందరు బానిసలు తిరుగబడి డోళ్ళు మ్రోగిస్తూ నడిచారు. అందువలన 1740లో అక్కడ చేసిన చట్టము బానిసల చేతిలో డోలు ఉండకూడదని శాసించింది. డోలు లాగుకోగలిగారు గాని చేతులను, పాదములను లాగుకోలేకపోయారు గదా! చప్పట్లు చరుస్తూ, నేలమీద పాదము తాటిస్తూ వారు పాడుకున్నారు.

పొలములో ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవారందరు అందుకునేవారు. మన వరినాట్లలో ఆడవారు పాడుకునే తీరు, బుర్రకథలో వంతలు అందుకునే తీరు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. వారికి సువార్త అందినప్పుడు ఇశ్రాయేలీయుల ఐగుప్తు దాస్యము వారి సొంత కథ అయింది. మోషే, ఎఱ్ఱసముద్రము, యొర్దాను, సింహముల బోనులోని దానియేలు, ఇవన్నీ వారి పాటలలోకి వచ్చాయి. ఈ పాటలనే స్పిరిచ్యువల్స్ అంటారు.

1865లో బానిసత్వము రద్దయింది. నాష్‌విల్ పట్టణములో విడుదల పొందినవారి పిల్లల కొరకు పెట్టిన ఫిస్క్ విద్యాలయము అప్పులలో మునిగిపోతూ ఉంటే, 1871లో తొమ్మిదిమంది విద్యార్థులు పాటలు పాడి డబ్బు తేవడానికి బయలుదేరారు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. రెండేండ్లలో వారు ఇంగ్లాండులో విక్టోరియా రాణి ఎదుట పాడారు. వారు సంపాదించి తెచ్చిన సొమ్ముతో కట్టిన జూబిలీ హాలు నేటికీ అక్కడ నిలిచి ఉంది. తమ తల్లిదండ్రులు తోటలలో ఏడ్చుకుంటూ పాడిన పాటలే వారికి బడి కట్టిపెట్టాయి.

ఆదివారము పాటలు ఇలా ఉండగా, వారము దినముల కష్టాలను, ఆకలిని, ఎడబాటును దాచకుండా చెప్పుకునే పాట మరొకటి పుట్టింది. దాని పేరు బ్లూస్. స్పిరిచ్యువల్స్, బ్లూస్, వీధి బ్యాండు మేళము, ఈ మూడూ న్యూ ఓర్లియన్స్ అనే రేవు పట్టణములో కలుసుకున్నాయి. అక్కడ సుమారు 1900 ప్రాంతములో రూపు దిద్దుకున్నదే జాజ్.

మన పెండ్లి ఊరేగింపులలో క్లారినెట్టు, ట్రంపెట్టు, డ్రమ్ము విననివారు ఉండరు. జాజ్ వాద్యములు కూడా దాదాపు అవే. ముందు అందరూ కలిసి తెలిసిన పాట వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరు వంతు తీసుకొని, నాదస్వర విద్వాంసుడు రాగము పెంచినట్లు, ఆ పాటను తన మనసుకు తోచిన రీతిగా పెంచుతారు. ఒకరు వాయిస్తూ ఉంటే తక్కినవారు విని దన్నుగా నిలుస్తారు. ఎవరి స్వరము వారిదే అయినా పాట మాత్రము అందరిదీ.

న్యూ ఓర్లియన్స్‌లో ఒక ఆచారము ఉంది. శవపేటికను సమాధుల తోటకు తీసుకొని వెళ్ళేటప్పుడు బ్యాండు ముందు నడుస్తూ భక్తిగీతమును మెల్లగా, ఏడుస్తున్నట్లు వాయిస్తుంది. భూస్థాపన అయి తిరిగి వచ్చేటప్పుడు అదే బ్యాండు ఉల్లాసముగా వాయిస్తుంది. పునరుత్థానమును గూర్చి మనము బల్లమీదనుండి ఎంతసేపు ప్రసంగించినా, ఆ రెండు నడకలు చెప్పినంత తేటగా చెప్పగలమా అని మాకు అనిపిస్తుంది.

బాలుర గృహములోని బూర

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901 ఆగస్టు 4న ఆ ఊరిలోనే కటిక పేదరికములో పుట్టారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లి ఇళ్ళలో పని చేసి పిల్లలను సాకింది. ఆమెతోబాటు గుడికి వెళ్ళి సంఘములో పాడడము వలననే తనకు గొంతు కుదిరిందని ఆయన తరువాత చెప్పేవారు. బొగ్గు, పాతసామాను అమ్మే ఒక యూదుల కుటుంబము ఆ కుర్రవానికి పని ఇచ్చి అన్నము పెట్టింది. తాకట్టు దుకాణములోని పాత కార్నెట్టు కొనుక్కోవడానికి డబ్బు కూడా ముందుగా ఇచ్చింది. కార్నెట్టు అంటే పొట్టి బూర. ఆ మేలు మరువక ఆయన జీవితమంతా యూదుల నక్షత్రమును మెడలో ధరించారు.

1912 డిసెంబరు 31 రాత్రి ఆ పదకొండేండ్ల కుర్రవాడు సంబరముగా వీధిలో తుపాకి పేల్చాడు. పోలీసులు పట్టుకొని నల్లవారి బాలుర గృహమునకు పంపించారు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. మొదట ఈ అల్లరి పిల్లవానిని నమ్మకపోయినా, కొంతకాలము చూసి అతని చేతిలో బూర పెట్టి వాయించడము నేర్పించారు. చివరకు బ్యాండుకు అతనినే నాయకుని చేశారు. 1922లో ఆ యౌవనస్థుడు షికాగో వెళ్ళాడు. కొద్ది సంవత్సరాలలోనే జాజ్ వాయించే తీరును, పాడే తీరును కూడా మార్చివేశాడు. బ్యాండులో ఒంటరిగా వాయించే వాద్యకారునికి అంత విలువ తెచ్చినవాడు ఆయనే.

1938లో ఆయన పరిశుద్ధుల ఊరేగింపును గూర్చిన పాత భక్తిగీతమొకటి జాజ్ పద్ధతిలో రికార్డు చేశారు. ఆయన చెల్లెలికి అది నచ్చలేదు. గుడి పాటను అలా వాయించడము తగదన్నది. చూశారా, ఈ తగవు వారి ఇంటిలోనే మొదలైంది! అయితే ఆ వాయింపు వలన ఆ గీతము ప్రపంచమంతటా తెలిసింది.

ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఆయనను చూసి, తెల్లవారిని మెప్పించడానికే అలా నవ్వుతాడని కొందరు నిందించేవారు. 1957లో లిటిల్ రాక్ పట్టణములో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను ఉన్నత పాఠశాలలో అడుగు పెట్టనివ్వకుండా గవర్నరు సైనికులను నిలబెట్టినప్పుడు, ఆ నవ్వే మనిషే పత్రికలవారి ఎదుట ప్రభుత్వమును గట్టిగా నిలదీశారు. ప్రభుత్వము తరపున రష్యాకు వెళ్ళవలసిన పర్యటనను మానుకున్నారు. ఆయన 1971 జులై 6న మరణించారు.

ఒకే పెట్టెలో తల్లీ బిడ్డ

మన సంఘాలలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ గాని, థామస్ డోర్సీ పాటను ఏదో ఒక భాషలో విననివారు తక్కువ. ఆయన 1899లో జార్జియా రాష్ట్రములో ఒక సువార్తికుని కుమారుడుగా పుట్టారు. తల్లి గుడిలో ఆర్గను వాయించేది. యౌవనములో ఆయన ఆ దారి విడిచి, మా రెయినీ అనే ప్రసిద్ధ బ్లూస్ గాయనికి పియానో వాయించారు. 1928లో ఆయన కలిసి పాడిన ద్వంద్వార్థపు పాట ఒకటి విపరీతముగా అమ్ముడుపోయింది. డబ్బు వచ్చింది గాని నెమ్మది రాలేదు. రెండుమార్లు మనోవ్యాధితో మంచాన పడ్డారు.

ఆ తరువాత ఆయన బ్లూస్‌లో నేర్చుకున్న నడకతోనే ప్రభువును స్తుతించే పాటలు కట్టనారంభించారు. వాటికి గాస్పెల్ పాటలని పేరు వచ్చింది. కాగితములమీద అచ్చువేసుకొని గుడి గుడికీ తిరిగితే, షికాగోలోని పెద్ద సంఘాలు మొదట ఆయనను గుమ్మము బయటనే ఆపివేశాయి. కల్లు దుకాణపు బాణీ గుడిలోకి తెస్తావా అన్నట్లు చూశారు. చివరకు 1931లో షికాగోలోని ఎబినేజరు బాప్టిస్టు సంఘములో ఆయన, మరొక గాయకుడు కలిసి గాస్పెల్ గాయక బృందము ఏర్పరచగలిగారు.

1932 ఆగస్టులో ఆయన నిండు గర్భిణియైన భార్యను ఇంటి దగ్గర విడిచి, కూటములలో పాడడానికి సెయింట్ లూయీ పట్టణము వెళ్ళారు. కూటము జరుగుతూ ఉండగా టెలిగ్రాము అందింది. ప్రసవములో భార్య మరణించింది. పరుగున ఇల్లు చేరేటప్పటికి పసివాడు బ్రతికే ఉన్నాడు. ఆ బిడ్డ కూడా ఎక్కువసేపు దక్కలేదు. తల్లిని, బిడ్డను ఒకే పెట్టెలో పెట్టి సమాధి చేశారు.

దేవుడు తనకు అన్యాయము చేశాడని డోర్సీ అనుకున్నారు. ఇక గాస్పెల్ పాటలు వ్రాయను, మళ్ళీ బ్లూస్‌కే పోతాను అనుకున్నారు. కొద్ది రోజుల తరువాత ఒక సాయంకాలము స్నేహితుడొకరు ఆయనను పియానో ఉన్న గదికి తీసుకొని వెళ్ళి కూర్చోబెట్టారు. అక్కడ పాత కీర్తన బాణీ ఒకటి వ్రేళ్ళకు అందింది, దానికి కొత్త మాటలు వచ్చాయి. అలసిపోయిన మనిషి తన చెయ్యి పట్టుకొని నడిపించమని ప్రభువును బ్రతిమాలుకునే పాట అది. దాని పేరు "ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్". ఆ బాణీలో బ్లూస్ దుఃఖము ఉంది, ఆ మాటలలో విశ్వాసము ఉంది. ఏది లోకపుది, ఏది గుడిది అని ఎవరు విడదీయగలరు? డోర్సీ 1993 వరకు జీవించారు. ఆ పాట ఎన్నెన్నో భాషలలో ఎందరో దుఃఖితుల ఇళ్ళలో నేటికీ పాడుతున్నారు.

బట్టలుతికిన చేతులు

డోర్సీ పాటలను వీధి మూలలలో నిలబడి పాడి, ఆ కాగితములు అమ్మిపెట్టిన యువతి మహేలియా జాక్సన్. ఆమె 1911లో న్యూ ఓర్లియన్స్‌లో పుట్టారు. పసితనములోనే తల్లి చనిపోతే మేనపెద్దమ్మ పెంచింది. ఆమె గట్టి భక్తురాలు, అంతే గట్టి క్రమశిక్షణ గలది. తమ బాప్టిస్టు గుడిలో పాటలు నెమ్మదిగా సాగేవి. వారి ఇంటి ప్రక్కనే మరొక చిన్న సంఘము ఉండేది. అక్కడివారు ఆర్గను లేకపోయినా డోళ్ళు, కంజరలు, చప్పట్లతో పాడేవారు. ఆ దరువు గోడ దాటి ఆ చిన్నపిల్ల చెవిలో పడింది. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ రికార్డులు కూడా ఆమె రహస్యముగా విన్నది. ఈ మూడూ ఆమె గొంతులో కలిశాయి.

యౌవనములో షికాగో వచ్చి ఇతరుల బట్టలు ఉతికారు, హోటలులో గదులు శుభ్రము చేశారు. ఆదివారము మాత్రము పాడేవారు. డబ్బు చెల్లించి నేర్చుకోవడానికి వెళితే, అలా అరవకూడదని సంగీతపు మాస్టరుగారు మందలించారు. ఆమె చప్పట్లు, కదలికలు గుడికి తగవని ఒక కాపరి బల్లమీదనుండే విమర్శించారు. ఆమె మారుమాటగా కీర్తనల గ్రంథమునే చూపించారు. చప్పట్లు కొట్టమని అందులోనే ఉంది గదా అన్నది ఆమె భావము.

ఇక్కడ మన యౌవనస్థులు ఒక సంగతి గమనించాలి. ఆమె గొంతు విని, బ్లూస్ పాడితే చాలా డబ్బు వస్తుందని ఎందరో చెప్పారు. ఇంటిలో ఇబ్బందిగా ఉన్న రోజులలో నాటక సంస్థ ఒకటి ఆమెను ఎంపిక చేసింది. ఆమె వెళ్ళలేదు. మద్యము పోసే క్లబ్బులలో పాడనని గిరి గీసుకున్నారు. చివరివరకు ఆ గిరి దాటలేదు. దరువు విషయములో స్వేచ్ఛ తీసుకున్నారు గాని జీవితము విషయములో కట్టుబడి ఉన్నారు.

1947లో ఆమె రికార్డు చేసిన గాస్పెల్ పాట ఒకటి లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. 1950లో న్యూయార్కులోని సుప్రసిద్ధ కార్నెగీ హాలులో పాడారు. జాజ్ ఉత్సవములకు పిలిచినా గాస్పెల్ పాటలే పాడారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండు లక్షలకు మించిన జనము ఎదుట, బానిసల కాలపు పాత పాట ఒకటి పాడారు. ఆ తరువాత డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగిస్తూ ఉండగా, తమ కలను గూర్చి చెప్పండని వెనుకనుండి కేక వేసింది ఆమెనే అని దగ్గర ఉన్నవారు చెప్పారు. కింగ్ గారు వ్రాసి తెచ్చుకున్న కాగితము ప్రక్కన పెట్టి ఆ కలను గూర్చి చెప్పారు. ఆయన హత్యకు గురైన 1968లో, ఆయనకు ఎంతో ఇష్టమైన డోర్సీ పాటను ఆయన సమాధి దినమున ఆమే పాడారు. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న ఒక మనిషి గదిలో కూర్చొని వ్రాసుకున్న పాట, ఒక జనాంగమంతటి దుఃఖమును మోసింది.

1971లో ఆమె మన దేశమునకు కూడా వచ్చి పాడి వెళ్ళారు. 1972 జనవరి 27న ప్రభువునందు నిద్రించారు.

ఆరు అక్షరములకు ఆరు స్వరములు

జాజ్ లోకములో రాజులాంటివాడు డ్యూక్ ఎల్లింగ్టన్. 1899లో వాషింగ్టన్‌లో పుట్టారు. ఆదివారము వచ్చిందంటే తల్లి సంఘానికీ, తండ్రి సంఘానికీ రెండింటికీ వెళ్ళి కూర్చున్న పిల్లవాడు. 1927లో న్యూయార్కులోని కాటన్ క్లబ్బులో బ్యాండు నాయకుడుగా చేరారు. ఆ క్లబ్బులో వాయించేవారు నల్లవారు, కూర్చొని వినేవారు తెల్లవారు. నల్లవారికి అక్కడ కూర్చునే హక్కు లేదు. అటువంటి చోట వాయిస్తూనే ఆయన తన ప్రజల చరిత్రను సంగీతములో వ్రాయాలని ఆశపడ్డారు. 1943లో కార్నెగీ హాలులో వినిపించిన పెద్ద రచనలో ఆ ఆశ నెరవేరింది. అందులో బానిసలు ఆదివారమున గుడి బయట నిలబడి, లోపలి పాట వింటూ ప్రార్థించుకునే భాగము ఉంది. 1958లో ఆ భాగమును మహేలియా జాక్సన్‌తో పాడించి రికార్డు చేశారు. ఆ సందర్భములోనే బైబిలు తెరిచి 23వ కీర్తన పాడమని ఆమెను కోరారు. ముందుగా వ్రాసిన బాణీ లేదు. ఆమె కాపరి కీర్తనను అప్పటికప్పుడు పాడుతూ ఉంటే బ్యాండు ఆమెను అనుసరించింది.

1963లో ఆయన బ్యాండు అమెరికా ప్రభుత్వము తరపున మన దేశమునకు వచ్చి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులలో వాయించింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆయన మనసంతా దేవుని స్తుతిమీద నిలిచింది. 1965 సెప్టెంబరు 16న శాన్ ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కథీడ్రల్‌లో తన మొదటి ఆరాధన కచేరీ జరిపారు. బైబిలులోని మొదటి నాలుగు మాటలకు ఇంగ్లీషులో ఆరు అక్షరములు వస్తాయి. ఆ ఆరింటికి ఆరు స్వరములు అమర్చి, దానితోనే కచేరీ మొదలుపెట్టారు.

అందరూ సంతోషించలేదు. 1966లో ఆయన పుట్టిన వాషింగ్టన్‌లోనే ఈ కచేరీ జరపబోతే, అక్కడి బాప్టిస్టు కాపరుల సమాజము దానిని ఆమోదించము అని తీర్మానించింది. రాత్రి క్లబ్బులలో వాయించేవాడు దేవుని మందిరపు సంగీతము చేయడమా అన్నారు. ఆయన నొచ్చుకున్నారు గాని ఆపలేదు. 1968లో న్యూయార్కులో, 1973 అక్టోబరు 24న లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మరి రెండు ఆరాధన కచేరీలు వినిపించారు. అప్పటికే జబ్బు ముదిరింది. ఏడు నెలలకు, 1974 మే 24న కన్నుమూశారు. తన పనులన్నిటిలో ఈ ఆరాధన సంగీతమే ముఖ్యమైనదని ఆయన చెప్పుకున్నారు.

దాచకూడని మరొక పక్క

చదువరులారా, జాజ్ వారందరి కథలు ఇలా ముగియలేదు. సాక్సోఫోన్ వాయించడములో సాటిలేని చార్లీ పార్కర్ మత్తుమందులకు బానిసై 1955లో 34 ఏండ్లకే మరణించారు. బిల్లీ హాలిడే మద్యముతో, మత్తుమందులతో నలిగి 1959లో 44 ఏండ్లకు వెళ్ళిపోయారు. పెద్దలు క్లబ్బులను చూసి భయపడ్డారంటే ఆ భయము ఊరికే రాలేదు. తల్లిదండ్రుల ఆందోళనను మన యౌవనస్థులు తేలికగా తీసుకోకూడదు.

అయితే అదే బిల్లీ హాలిడే 1939లో, నల్లవారిని చెట్లకు ఉరివేసి చంపుతున్న ఘోరమును గూర్చి ఒక పాట పాడారు. ఆమె పాడిన రికార్డుల కంపెనీ ఆ పాటను ముట్టుకోవడానికి భయపడితే, వేరొక చిన్న కంపెనీ దానిని వెలువరించింది. ఆ రోజులలో అనేక బల్లలమీద వినిపించని మాట ఒక క్లబ్బులో వినిపించింది. నిరవంజి చెట్లకు సితారాలు తగిలించి ఏడ్చిన చెరవారి దుఃఖము 137వ కీర్తనగా మన గ్రంథములోనే ఉంది. ఆ దుఃఖమునకు మన ఆరాధనలో చోటు లేకపోతే అది బయట ఎక్కడో చోటు వెదుక్కుంటుంది.

జాన్ కోల్ట్రేన్‌ను కూడా తలచుకోవాలి. ఆయన తాతలిద్దరూ సంఘ కాపరులే. మత్తుమందులలో చిక్కుకున్న ఆయన 1957లో దేవుని కృపవలన వాటినుండి బయటపడ్డానని తానే వ్రాశారు. 1964 డిసెంబరులో "ఎ లవ్ సుప్రీమ్" అనే రికార్డును దేవునికి కృతజ్ఞతగా అర్పించారు. తాను వ్రాసుకున్న ప్రార్థనను అందులో పాడలేదు. ఒక్కొక్క మాటను సాక్సోఫోన్‌మీద పలికించారు. తరువాత ఆయన అనేక మతాలలో వెదికారు, ఆ దారి మనది కాదు. అయినా గోతిలోనుండి పైకి తీసిన చేతికి వందనము చెప్పడము ఎలాగో ఆ వాద్యము చెప్పుతుంది.

మన సంఘాలకు ఒక మాట

ఇప్పుడు మా తీర్పు అడిగినవారికి మేము చెప్పగలిగినది ఇది. వాద్యములో పాపము లేదు, పరిశుద్ధతా లేదు. 150వ కీర్తనలో బూర, స్వరమండలము, తంబుర, తాళములు అన్నిటికీ చోటు ఉంది. వాటిని పట్టుకున్న చేయి ఎటువంటిది, ఆ పాట ఎవరి దుఃఖమును, ఎవరి సంతోషమును దేవుని దగ్గరకు తీసుకువెళ్తోంది అన్నదే ప్రశ్న.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచి చూడండి. ఎన్నో కీర్తనల పైన రాగము, తాళము పేర్లు అచ్చువేసి ఉంటాయి. పందొమ్మిదవ శతాబ్దములో పురుషోత్తమ చౌదరి గారు, ఆయన వంటి భక్తులు ఈ దేశపు రాగములనే ప్రభువు పాదముల దగ్గర పెట్టారు. ఆ రాగములు అంతకుముందు ఎక్కడెక్కడ పాడారని ఇప్పుడు ఎవరూ అడగడము లేదు. మన అవ్వలు మరణశయ్యమీద పాడుకున్నవి ఆ కీర్తనలే.

పెద్దలారా, పీటర్ డేవిస్ ఆ అల్లరి పిల్లవాని చేతిలో బూర పెట్టకపోతే, ఆ పిల్లవాడు ఏ జైలులోనో మాసిపోయేవాడు. మీ సంఘములో వాయించగల కుర్రవాడు ఎవరైనా నొచ్చుకొని దూరముగా ఉంటే, అతని ఇంటికి మీరే నడిచి వెళ్ళండి. యౌవనస్థులారా, మహేలియా జాక్సన్ గీసుకున్న గిరిని మీరు కూడా గీసుకోండి. వాద్యపు శబ్దములో ముసలివారి గొంతు మునిగిపోతే అది ఆరాధన కాదు, ప్రదర్శన. జాజ్ వాద్యకారులు ఒకరు వాయిస్తూ ఉంటే తక్కినవారు విని దన్నుగా ఉంటారని చెప్పుకున్నాము గదా. ఆ మర్యాద మీకూ కావాలి.

ఒక పని చేసి చూడండి. శనివారము సాయంకాలము ఒక గంట పెద్దలు, యౌవనస్థులు మందిరములో కలిసి కూర్చోండి. పెద్దలు పాత కీర్తన ఒకటి దాని సరైన రాగముతో నేర్పించండి. యౌవనస్థులు దానిని తమ వాద్యముమీద పలికించండి. ఇరువురికీ నచ్చేవరకు మళ్ళీ మళ్ళీ పాడండి. ఆదివారము ఉదయము ఆ ఒక్క కీర్తన అందరూ కలిసి పాడండి. తక్కినవి తరువాతి శనివారములకు ఉంచుకోండి.

మీ ఇళ్ళలో పాట ఆగిపోకుండా దేవుడు కాపాడును గాక. ఆమేన్.